లాకు దగ్గర బాణం

యాత్రల ఆఫీసు వ్యానులోంచి ఆ సైకిల్ని దింపుతుంటే బాణాలాయన షాపు గుమ్మంలోకి వచ్చాడు. ముందు చక్రం మెలి తిరిగి ఎనిమిది అంకెలా తయారైంది. ఫోర్కు ఓ పక్కకి ఒరిగింది. వెనక క్యారియర్‌కి రెండు వైపులా వేలాడే సంచుల్లో ఒకదాని పట్టీ తెగిపోయింది. ఇవేవీ అతన్ని భయపెట్టలేదు. ముప్పై ఏళ్ళుగా పాడైన సైకిళ్ళే కదా అతనికి అన్నం పెడుతున్నది. భయపెట్టింది ఎడమ పెడలు. దాని రబ్బరు సందుల్లో పచ్చటి నాచు ఇరుక్కుని ఉంది, ఇంకా తడి కూడా ఆరకుండా.

అంత జిడ్డు నాచు ఆ కాలవ పొడుగునా ఒక్కచోటే పడుతుంది.

“ఎక్కడ పడ్డారు?” అని అడిగాడు, తెలిసి తెలిసీ.

“అలుగు మీదండీ,” అన్నాడు వ్యాను డ్రైవరు. “రిటైరైన టీచరమ్మ. నది వెంట మొత్తం తొక్కుతానని ఒక్కతే వచ్చింది. పైనుంచి వదిలిన నీళ్ళు అలుగు మీద పారుతున్నాయి కదా, దాటబోయి జారింది. తుంటి విరిగింది. గడ్డి కోసుకునేవాళ్ళు చూసి కేకలేసేదాకా గంటసేపు ఆ నీళ్ళలోనే పడుందట, పాపం.”

“అసలు అలుగు వైపు ఎందుకెళ్ళింది?”

“అదే కదండీ అందరూ అడుగుతున్నది. బాణం అటే చూపించిందంటోంది.” డ్రైవరు నవ్వాడు. “మీ బాణం ఎక్కడైనా తప్పు చెప్తుందా?”

బాణాలాయన సైకిల్ని స్టాండు మీదికెత్తి, సన్నటి మేకుతో పెడల్లోంచి నాచు తియ్యడం మొదలుపెట్టాడు. పెడలు శుభ్రం చెయ్యమని అతన్నెవరూ అడగలేదు.

నది లోయలో మొదలై, కొండ మలుపులు దిగి, కాలవ గట్ల మీదుగా సముద్రం దాకా పోయే తొంభై కిలోమీటర్ల సైకిలు దారి అది. ఏటా వానలు వెలిసి యాత్రలు మొదలయ్యే రోజుల్లో, ఆ దారిలో రాళ్ళ మీదా వంతెన గోడల మీదా పసుప్పచ్చ బాణాలు వేసేది అతనే. అందుకే సైకిలు షాపు పెట్టుకున్న మనిషికి బాణాలాయన అని పేరు పడింది. పటాలు పట్టుకుని వచ్చే పెద్ద పెద్ద చదువుల వాళ్ళు కూడా రెండో రోజుకి పటాన్ని సంచిలో కుక్కి, బాణాలు చూసుకుంటూ పోయేవాళ్ళు. ఏడో క్లాసు మధ్యలో బడి మానేసిన వాడు వేసిన గీతల వెనకాల డాక్టర్లూ లాయర్లూ బుద్ధిగా తొక్కుకుంటూ పోతుంటే, షాపు గుమ్మంలో నిలబడి చూడటం అతనికి బతుకులో ఉన్న ఒకే ఒక్క దర్జా.

బాణం వెయ్యడానికి అతనికో పద్ధతి ఉంది. రాయిని ఇనప బ్రష్షుతో రుద్దుతాడు. తెల్ల పూత వేస్తాడు. అది ఆరాక రేకు అచ్చులూ గట్రా ఏమీ లేకుండా చేత్తోనే పసుపు బాణం గీస్తాడు. రెండు ట్యూబులకి గాలి కొట్టినంత సేపు ఆగి, బాణం తోక మీద ఎడం చేతి బొటనవేలితో నొక్కి చూస్తాడు, ఆరిందో లేదోనని. ఆరినట్టే ఉంటుంది గానీ వేలి గుర్తు సన్నగా పడుతుంది. పన్నెండేళ్ళ వయసులో, తండ్రి పోయిన నెలకే సైకిలు షాపులో చేరి ఫ్రేములకి రంగులేస్తున్నప్పుడు పట్టుబడ్డ అలవాటు అది. వెతికితే తప్ప ఎవరికీ కనబడదు.

కాలవలో పడవల్ని దాటించే లాకు దగ్గర గట్టు మీద ఒక రాయి ఉంది. దారి అక్కడ ఎడమ గట్టు వదిలి కుడి గట్టుకి మారాలి. లాకు తలుపులు మూసి ఉన్నప్పుడు వాటి మీద నడిచే పలకలు కలుసుకుంటాయి. సైకిల్ని తోసుకుంటూ అవతలికి దాటితే లాకు మనిషి ఉండే క్వార్టరు, దాని కిటికీ ముందు బెంచీలు, కిటికీలోంచి టీ. ఆ టీ కాచేది బాణాలాయన చెల్లెలు. లాకు తలుపులు తిప్పేది ఆమె మొగుడు, అతనికి బావ. పెళ్ళి అచ్చిరాని బాణాలాయనకి ఈ లోకంలో నా అన్నవాళ్ళు ఆ క్వార్టర్లోనే ఉన్నారు.

ఈ ఏడు యాత్రలు మొదలుపెట్టే రోజున ఆ బెంచీల దగ్గరే చిన్న సభ జరిగింది. ఇరవై మంది దాకా సైకిళ్ళవాళ్ళు, యాత్రల ఆఫీసు మేనేజరు. మేనేజరు లేచి, “ఈయన లేకపోతే మనమంతా ఎక్కడో తేలేవాళ్ళం,” అని బాణాలాయన భుజం మీద చెయ్యేశాడు. చప్పట్లు కొట్టారు. అంతలో బావ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చాడు.

“అయ్యా, అసలు సంగతి నేను చెప్తా వినండి. మా బావ వేలిముద్ర మనిషి. ఇటు వెళ్ళవలెను అని రాయమంటే సాయంత్రం అవుద్ది. అందుకే బాణం గీసి ఊరుకుంటాడు!”

గొల్లుమన్నారు అందరూ. మేనేజరూ నవ్వాడు. బాణాలాయన కూడా పళ్ళు కనబడేలా నవ్వాడు, నలుగురిలో ఏం చేస్తాడు మరి. అతనికి రాయడం వచ్చు, చదవడం వచ్చు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నమిలేస్తాడు. ఆ సంగతి బావకీ తెలుసు. దాన్నైనా దిగమింగేవాడే. కానీ కిటికీలోంచి చెల్లెలి నవ్వు వినబడింది. తను బడి మానేసి పంచర్లు వేస్తే, ఆ డబ్బుల్తో పుస్తకాలు కొనుక్కుని చదివిన చెల్లెలు.

అరికాలి మంట నెత్తికెక్కింది. టీ తాగకుండానే గ్లాసు బెంచీ మీద పెట్టి వచ్చేశాడు.

సభ అయిన మూడో రోజున లాకు రాయికి రంగు వెయ్యాల్సిన వంతు వచ్చింది. పాత బాణం కుడికి తిరిగి లాకు పలకల్ని చూపిస్తోంది. దాని మీద తెల్ల పూత కొట్టాడు. ఆరేదాకా అవతలి గట్టు కేసి చూస్తూ కూర్చున్నాడు. కిటికీ ముందు బెంచీలు కడిగి పెట్టి ఉన్నాయి. గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ‘ఒక్క వారం,’ అనుకున్నాడు. ‘ఒక్క వారం ఆ పొయ్యి దగ్గర ఈగలు తోలుకోనీ. బాణాల విలువేంటో తెలుస్తుంది.’ బాణాన్ని తిన్నగా గీశాడు, ఎడమ గట్టు మీదే ముందుకి. గట్టు మీద రెండు కిలోమీటర్లు పోతే, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోవడానికి కట్టిన అలుగు వస్తుంది. ఎండు రోజుల్లో ఇబ్బంది లేదు, దాటొచ్చు. తను ఎన్నోసార్లు దాటాడు. ఇంకో రెండు కిలోమీటర్లు పోతే వంతెన ఎక్కి మళ్ళీ దారిలో కలవచ్చు. ఎవరికీ నష్టం లేదు. బొటనవేలితో నొక్కి చూసుకుని, డబ్బా మూత బిగించి వచ్చేశాడు.

కొండల్లో వాన పడితే బావ అలుగు మీదికి నీళ్ళు వదులుతాడన్న సంగతి అతనికి తెలియదా? తెలుసు. గుర్తు లేదా? ఉంది. ఆ ముక్క అతను తర్వాత తనకి తాను ఎన్ని రకాలుగా చెప్పుకున్నా ‘ఉంది’ అనే తేలింది.

నాలుగో రోజున వాన పడింది.

* * *

పట్టీ కుట్టించిన సంచి ఇచ్చి రమ్మని మేనేజరు పంపితే ఆస్పత్రికి వెళ్ళాడు. ఆరు మంచాల గది. కిటికీ పక్క మంచం మీద, కాలికి బరువు వేలాడదీసి, కురచ జుట్టుతో ఒక పెద్దావిడ పడుకుని ఉంది. మోచెయ్యి నిండా గీరుకుపోయిన గాయాలు.

“బాణాలాయన మీరేనా? కూర్చోండి, కూర్చోండి.” ఆమె మొహం వెలిగిపోయింది. “మూడు రోజులు మీతోనే తిరిగాను, తెలుసా? రెండో రోజు కొండ మలుపులో మంచు పట్టేసింది. ముందు ఏమీ కనబళ్ళేదు. ఆగిపోదామనుకుంటుంటే, ఎదురుగా బండ మీద మీ బాణం. నాకు సరిగ్గా ఎక్కడ అవసరమో అక్కడే.”

“అదేముందమ్మా,” అన్నాడు.

“కాదు కాదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను. పని ఎవరు ప్రేమగా చేశారో, ఎవరు మొక్కుబడిగా చేశారో ఒక్క గీతలో తెలిసిపోతుంది నాకు. అందుకే నన్ను అడగడానికి వచ్చిన కాలవల ఇంజనీరుగారికి గట్టిగా చెప్పాను. ఆ లాకు దగ్గర బాణం ఈయనది కాదు, వేరే ఎవరో చేసిన తుంటరి పని అని.”

బాణాలాయన సంచి మంచం కింద పెట్టాడు. మళ్ళీ తీసి కుర్చీ మీద పెట్టాడు. “నొప్పెలా ఉందమ్మా?”

“నొప్పిదేముంది, మందులిస్తున్నారు. మళ్ళీ సైకిలు ఎక్కలేనంటున్నారు. అదే…” ఆమె కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి మామూలుగా అడిగింది, “చక్రం బాగవుతుందా?”

“అవుద్దమ్మా. బెండు తీసేస్తాను.”

బయట వరండాలో మేనేజరు పట్టుకున్నాడు. “మీకు తెలుసో లేదో, మీ బావగారి మీదికే వస్తోంది. సైకిళ్ళవాళ్ళు ఆగమంటే ఆగరు, పడవలకి తలుపు తియ్యాలంటే నా ప్రాణం తోడేస్తున్నారు, ఈ దారి వేరే వైపు మళ్ళించండి అని పోయినేడు ఇంజనీరుకి అర్జీ పెట్టుకున్నాడు. లాకు తలుపులకి వేసేదీ పసుపు రంగే. డబ్బా ఆయన కొట్లోనే ఉంది. ఇంక చెప్పేదేముంది.”

“ఏం చేస్తారు?”

“ఉద్యోగం తీసెయ్యకపోయినా క్వార్టరు ఖాళీ చేయించి ఎక్కడికో మారుస్తారు. ఎల్లుండి పదింటికి లాకు దగ్గర విచారణ. మీరూ రావాలి. ఒకటే ప్రశ్న, ఆ బాణం మీదా కాదా అని. కాదంటే రాసుకుంటాం, అంతే. బంధువు కదా, మీకు ఇబ్బందే, అర్థం చేసుకోగలను.”

బంధువు కాబట్టి నిజం చెప్పడానికి మొహమాటపడతాడేమోనని మేనేజరు అతన్ని చూసి జాలిపడ్డాడు. ఆ జాలి బాణాలాయనకి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఆ రెండు రోజులూ టీచరమ్మ చక్రం ముందే కూర్చున్నాడు. ఒక స్పోకు పుల్ల బిగించడం, చక్రం తిప్పడం, ఎక్కడ ఊగుతోందో చూడటం, ఇంకో పుల్ల వదులు చెయ్యడం. చక్రం బెండు అలా తీస్తే పోతుంది. ఒకచోట ఎక్కువ లాగేసినా, ఎదురు పుల్లని బిగిస్తే సర్దుకుంటుంది. అలా సర్దుకోనివి కూడా ఉన్నాయని అతనికి ఇప్పుడే తెలుస్తున్నట్టు, అదే చక్రాన్ని పది సార్లు విప్పి పది సార్లు బిగించాడు.

చెల్లెలికి ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కాడు. రెండుసార్లూ మోగకముందే కట్ చేశాడు. ఏమని చెప్తాడు? అమ్మాయ్, మీ ఇల్లు పోతోంది, నా మూలానే అనా?

విచారణ నాడు తెల్లవారగానే లేచి, సైకిలెక్కి లాకు రాయి దగ్గరికి వెళ్ళాడు. చొక్కా జేబులో లప్పం గీసే రేకు ఉంది. ఎందుకు తెచ్చావని ఎవరైనా అడిగితే చెప్పడానికి అబద్ధం కూడా దారిలో తయారుచేసుకున్నాడు. రాయి ముందు గొంతుక్కూర్చుని చూస్తే, బాణం తోక మీద తన బొటనవేలు స్పష్టంగా ఉంది. గీతలు గీతలుగా, పోలీసు కాగితం మీద వేయించినట్టు. రేకుతో గీకాడు. రంగు పొరలు పొరలుగా లేచింది. వేలి గుర్తు పోయింది, తోక సగం పోయింది, కింది తెల్ల పూత బయటపడింది.

తలెత్తేసరికి అవతలి గట్టు మీద చెల్లెలు నిలబడి ఉంది. చేతిలో నీళ్ళ బకెట్టు. వాళ్ళిద్దరి మధ్య కాలవ ఎంత వెడల్పుంటుంది, ఒక కేకేస్తే వినబడుతుంది. ఆమె కేకెయ్యలేదు. చేతిలో రేకు మెరుస్తోంది కదాని అతను దాన్ని వెనక్కి దాచుకున్నాడు, చిన్నపిల్లాడిలా. ఆమె బకెట్టు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

* * *

పదింటికి అందరూ రాయి చుట్టూ చేరారు. కాలవల ఇంజనీరు, మేనేజరు, బావ, బాణాలాయన. చెల్లెలు కొంచెం ఎడంగా నిలబడింది. బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో పసుపు రంగు డబ్బా, తెమ్మన్నారని తెచ్చాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

“అర్జీ పెట్టింది నిజమే సార్,” అంటున్నాడు. “విసుగొచ్చి పెట్టాను. దానికీ దీనికీ సంబంధం లేదు. సైకిళ్ళు రాకపోతే మా ఆవిడ టీ ఎవరు తాగుతారు? నా పొయ్యిలో నేనే నీళ్ళు పోసుకుంటానా చెప్పండి?”

“ఏమోనయ్యా, విసుగులో ఏమైనా చేస్తారు మనుషులు,” అన్నాడు ఇంజనీరు. రాయి దగ్గరికి వంగి చూశాడు. “ఇక్కడేదో గీకినట్టుందే. కొత్తగా.” చెల్లెలి వైపు తిరిగాడు. “ఏమ్మా, ఈ రాయి దగ్గర ఎవరైనా తచ్చాడటం చూశారా?”

ఆమె అన్న మొహంలోకి సూటిగా చూసింది.

“చూళ్ళేదండీ,” అంది.

ఇంజనీరు చేతిలో కాగితం మీద రాసుకున్నాడు. “సరే, ఇంక మీరు చెప్పండి. ఈ బాణం మీదా?”

బాణాలాయన నోరు తెరిచాడు. మేనేజరు సాయం చేస్తున్నట్టు, “కాదని మాకు తెలుసులెండి. మీ నోటితో చెప్తే రాసుకుంటారు,” అన్నాడు. కాదు. రెండక్షరాలు. ఇరవై మందిలో తన పరువు తీసిన వాడు ఎదురుగా డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇలాంటి రోజు రావాలని కాదూ ఆ సభ జరిగిన రాత్రి పళ్ళు కొరుక్కున్నది? వచ్చింది. అచ్చం అనుకున్నట్టే వచ్చింది. బావ చొక్కా కాలరు మడతలో ఇస్త్రీ సరిగ్గా పడలేదు. చెల్లెలు పొద్దున్నే కంగారుగా చేసి ఉంటుంది, అని అతనికి తోచింది. చూళ్ళేదండీ అన్న ఆ మనిషే, ఇంకో పది రోజుల్లో సామాన్లు వ్యాను ఎక్కిస్తుంది.

“నాదే,” అన్నాడు.

మేనేజరు నవ్వబోయి ఆగాడు. “అదేంటండీ, మీరు వేసిన బాణాన్ని ఎవరో…”

“ఎవరో కాదు. పాతదాని మీద తెలుపు కొట్టి నేనే తిన్నగా వేశాను. పొద్దున గీకింది కూడా నేనే.” జేబులోంచి రేకు తీసి రాయి మీద పెట్టాడు. “మా బావకి దీని సంగతే తెలీదు.”

ఇంజనీరు రాసుకోవడం ఆపి తలెత్తాడు.

“ఎందుకు బావా?” అన్నాడు బావ. కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చేసింది అతనికి. “నేనేం చేశాను నిన్ను?”

“సభలో అన్నావుగా.”

“ఏమన్నాను?”

బాణాలాయన అతని మొహంలోకి చూశాడు. నటన కాదు. నిజంగానే గుర్తులేదు. ఆ రోజు మొదలు తను రోజూ నూరుకుంటూ, కత్తిలా పదును పెట్టుకుంటూ వచ్చిన మాట, అన్నవాడికి టీ గ్లాసులు కడిగేలోపే జారిపోయింది.

“వేలిముద్ర మనిషి అన్నావు.”

“దానికా!” బావ డబ్బాని నేల మీదికి విసిరికొట్టాడు. “దానికి నా ఉద్యోగం తీయిస్తావా? ఓ ముసలావిడ తుంటి విరగ్గొడతావా? ఒక మాటన్నానని? అప్పుడే నాలుగు తిట్టి ఉంటే పోయేది కదయ్యా! నేను తిట్టించుకునేవాణ్ణి కదా!”

ఇంజనీరు అతన్ని పక్కకి తీసుకెళ్ళాడు. మేనేజరు బాణాలాయన కేసి చూడకుండానే, ఇంక ఈ దారి పని వేరేవాళ్ళకి ఇస్తామని, ఆవిడ కేసు పెడితే ఆఫీసు అడ్డం రాదని, కాగితం వస్తుందని చెప్పాడు. బాణాలాయన అన్నిటికీ తలూపాడు. తర్వాత వాళ్ళంతా క్వార్టరు వైపు దాటిపోయారు. రాయి దగ్గర అన్నాచెల్లెళ్ళు మిగిలారు.

“నీకు ముందే తెలుసా?” అన్నాడు అతను.

“ఆవిడ పడ్డ మర్నాడే చూశాను. నా మొదటి సైకిలుకి నువ్వే కదా రంగేసింది. సీటు కింద ఇదే గుర్తు. చిన్నప్పుడు ఎన్నిసార్లు నా వేలు దాని మీద పెట్టుకుని చూసుకున్నానో.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “ఎవరికీ చెప్పలేదు. కోపంలో చేశాడు, తనే వచ్చి చెప్తాడు అనుకున్నాను. నేనూ నవ్వాను ఆ రోజు. నవ్వకుండా ఉండాల్సింది.”

“అమ్మాయ్…”

“బాణం కోపంలో వేశావు. అది నాకు అర్థమవుతుంది. పొద్దున గీకింది ఏ కోపంలో అన్నయ్యా?”

ఆమె జవాబు కోసం ఆగలేదు. పలకల మీద నడుచుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది. కిటికీ తెరిచే ఉంది. టీకి పిలవలేదు.

కింద పడ్డ డబ్బాలో రంగు ఇంకా మిగిలింది. పని పోతే పోయింది, రేపు ఇంకో సైకిలు రాకూడదు కదా. తన సైకిలు సంచిలో ఎప్పుడూ ఉండే తెల్ల రంగూ బ్రష్షూ తీసి, ఆ తప్పుడు బాణం మీద తెలుపు కొట్టి, కుడికి తిరిగే బాణం గీశాడు. ఎంతసేపు ఆగాడో ఏమో, అలవాటు కొద్దీ బొటనవేలు చాచి, మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. అప్పటికే వేలి చివర రంగు అంటుకుంది.

మధ్యాహ్నం షాపు నుంచి టీచరమ్మ సైకిల్ని నడిపించుకుంటూ ఆస్పత్రికి బయల్దేరాడు. ఆవిడ సైకిలు ఎక్కడానికి మనసొప్పలేదు. పట్నం ఎగువ వైపు ఉంది. బాణాలన్నీ దిగువకి పోయేవాళ్ళ కోసం వేసినవి, రాళ్ళకి ఒకే ముఖాన ఉంటాయి. ఎదురు నడిచేవాడికి రాళ్ళ వీపులే కనబడతాయి. ఎనిమిది కిలోమీటర్ల పొడుగునా అతనికి ఒక్క బాణమూ కనబడలేదు.

గదిలోకి అడుగు పెట్టగానే టీచరమ్మ పక్క మంచం ఆవిడతో, “ఈయనేనండీ, నేను చెప్పలేదూ!” అంది. “ఏంటి, సైకిలు తెచ్చారా? అంత దూరం నడిపించుకునా? బెల్లు మోగుతోందా?”

“మోగుతోందమ్మా.” అతను కూర్చోలేదు. “ఆ లాకు దగ్గర బాణం నాదేనమ్మా. మీరు అనుకున్నట్టు వేరే ఎవరూ కాదు. తప్పని తెలిసే వేశాను.”

ఆవిడ మొహంలో నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండి, మెల్లిగా తగ్గింది. బరువు వేలాడుతున్న కాలి వైపు చూసుకుంది. తర్వాత అతని చేతి వైపు, బొటనవేలి మీది పసుపు రంగు వైపు చూసింది.

“ఎందుకు?” అంది.

లాకు దగ్గర అంత పెద్దగా కనబడ్డ కారణం ఆ మంచం పక్కన ఎంత వెతికినా చేతికి దొరకలేదు. చివరికి దొరికిందే చెప్పాడు.

“నన్ను చూసి నవ్వారండీ,” అన్నాడు.